తెరిచిన తలుపు తట్టే జాదల్లా

జాదల్లా తెరిచి ఉన్న తలుపునైనా సరే తట్టకుండా లోపలికి అడుగు పెట్టడు. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. దీనికి మందు మాత్రం అమ్మాన్ నగరంలో ఎక్కడా దొరకలేదు.

మామూలుగా మగవాళ్ళు పరాయి ఇంటి గుమ్మం ముందు ఆగి, గొంతు సవరించుకుని "యా సాతిర్!" అని ఓ కేక వేస్తారు. గుట్టు కాపాడే దేవుడా అని దాని అర్థం. లోపలున్న ఆడవాళ్ళు తలమీద గుడ్డ సర్దుకోవడానికి ఆ కేక. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. జాదల్లా మాత్రం లిఫ్టు తలుపు దానంతటది తెరుచుకున్నా మూడుసార్లు తట్టి, రెండుసార్లు దగ్గి, "యా సాతిర్!" అనేవాడు. ఈలోగా లిఫ్టు పైకి వెళ్ళిపోయేది. ఆఫీసు ఫ్రిజ్ తీసేముందు కూడా తట్టేవాడు. లోపల పెరుగు డబ్బా, సగం కొరికిన దోసకాయ తప్ప ఎవరూ ఉండరని ఆయనకి తెలియక కాదు.

డేటాబేస్ తెరిచేముందు కీబోర్డు మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ప్రతిసారీ తెర మీద మూడు అనవసరపు అక్షరాలు పడేవి. వాటిని ఓపిగ్గా చెరుపుకుని అప్పుడు పని మొదలుపెట్టేవాడు. పక్క బల్ల దగ్గర కూర్చునే సవ్సన్ మొదటి వారం నవ్వింది, రెండో వారం చెవుల్లో దూది పెట్టుకుంది.

ఒకసారి సర్వర్ గదిలో వైరు కాలి పొగ కమ్మింది. మంటలార్పే సిలిండరు చంకలో ఇరికించుకుని అందరికంటే ముందు పరిగెత్తింది జాదల్లాయే. గుమ్మం దాకా పరిగెత్తి, ఆగి, తట్టి, దగ్గాడు. ఆ దగ్గు పొగకి వచ్చింది కాదు, మర్యాదకి వచ్చింది.

"ఉస్తాజ్, తగలబడిపోతోంది! లోపల ఎవరున్నారని?" అని సవ్సన్ అరిచింది. మనం మాస్టారూ అన్నట్టు అక్కడ పెద్దవాళ్ళని ఉస్తాజ్ అంటారు.

"ఎవరూ లేరని నీకెలా తెలుసు తల్లీ?" అన్నాడాయన.

ఆ మర్యాదకి రెండు సర్వర్లు బలైపోయాయి.

ఇలాంటి మనిషి చేతిలో సవ్సన్ తన తల్లి బతుకుతెరువు పెట్టాల్సి వచ్చింది. ఆమె తల్లి ఉమ్ రాగిబ్, జబల్ హుసేన్ పేటలో పేరున్న వంటమనిషి. ద్రాక్షాకుల్లో బియ్యం, మాంసం కూరి, చిటికెన వేలంత సన్నగా చుట్టి వండే దవాలీ ఆమె చేతిదైతే గిన్నెలో మరి మిగలదు. పేటలో ఇంటి దగ్గరే వండి అమ్మే ఆడవాళ్ళు ఆమెతో కలిపి పదకొండు మంది. వాళ్ళందరికీ కలిపి ఆర్డర్లు తీసుకునే సైటు ఒకటి పెట్టిద్దామని సవ్సనే ముందు అంది. కూతురి మాట నమ్మి ఉమ్ రాగిబ్ ఆసుపత్రి లాండ్రీలో పదిహేనేళ్ళ ఉద్యోగం మానేసింది. రమదాన్ తొలిరోజు విందుల ఆర్డర్లు పట్టుకుంటే ఆ ఏడాదంతా ఇల్లు గడుస్తుంది. ఆ రోజు దాటితే జనం ఇంకొకరి చేతి రుచికి అలవాటుపడిపోతారు. రమదాన్‌కి ఇంకా పదహారు రోజులున్నాయి.

సైట్లు కట్టే ఆ ఆఫీసు యజమాని లువాయ్‌ని ఇంజనీరు గారూ అని పిలవకపోతే పలికేవాడు కాదు. చదివింది వ్యవసాయం. ఆయన బల్లగుద్ది చెప్పాడు.

"జావాలో కట్టండి, గట్టిగా ఉంటుంది. సోషల్ నెట్‌వర్క్‌తో కలపండి. జనం అందులో ఉన్న ఖాతాతోనే మన సైటులోకి రావాలి. ఒక్కో ఆర్డరు పడగానే 'ఫలానా ఆవిడ ఫలానా వంట కొనుక్కుంది' అని ఆవిడ పేరు మీద ఆవిడ స్నేహితులందరికీ దానంతటదే వెళ్ళిపోవాలి. పైసా ఖర్చు లేని ప్రచారం! ఎవరు చేస్తారు?"

ఆఫీసులో జావా సర్వరు నిలబెట్టడం తెలిసినవాడు ఒక్కడే. అందరూ ఆయన వైపు చూశారు. జాదల్లా బల్లమీద మూడుసార్లు తట్టాడు.

జావా భాగం నాలుగు రోజుల్లో లేచి నిలబడింది. అందులో ఆయనకి వంక పెట్టడానికి లేదు. తంటా అంతా సోషల్ నెట్‌వర్క్ గుమ్మం దగ్గర మొదలైంది. అప్పట్లో ఆ నెట్‌వర్కులు ఏ సైటు ఏమడిగినా చేతిలో పెట్టేసేవి. అడగాల్సినవాటికి ఎదురుగా టిక్కు పెడితే చాలు. జాదల్లా ఆ జాబితా ముందు కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడు.

"పేరు. సరే, గుమ్మంలో పేరడుగుతాం. పుట్టినరోజు. ఎందుకూ, కేకు పంపుతామా? స్నేహితుల జాబితా. నేనేమైనా సంబంధాలు కుదురుస్తున్నానా? కొన్నావిడ గోడ మీద ఆవిడ పేరుతో మనమే రాసుకోవడం. అస్తగ్‌ఫిరుల్లా, దేవుడు క్షమించాలి!"

"ఉస్తాజ్, టిక్కు పెట్టేయండి. అందరూ పెడుతున్నారు."

"తలుపు తీసుంది కదా అని దూరిపోతామా తల్లీ?"

"అది తలుపు కాదు, టిక్కు!"

"టిక్కు కూడా తలుపే. కాస్త చిన్నది."

ఒక్కో టిక్కు దగ్గర ఒక్కో రోజు ఆగాడు. చివరికి పేరుకి తప్ప దేనికీ పెట్టలేదు. ఆ తర్వాత ఇంకో గొడవ. ఖాతా చూపించి వచ్చినవాళ్ళు తిరిగి ఏ చిరునామాకి రావాలో నెట్‌వర్క్ దగ్గరొకచోట, మన సర్వర్లో ఒకచోట రాయాలి. రెండూ అచ్చంగా ఒకటే కాకపోతే లోపలికి రానివ్వదు. రెండు రోజులు రానివ్వలేదు. సవ్సన్ జుట్టు పీక్కుంటే జాదల్లా మురిసిపోయాడు.

"చూశావా, ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు అని తేల్చుకోనిదే తలుపు తీయడం లేదు. మంచి పెంపకం!"

ఇవన్నీ చాలవన్నట్టు ఆర్డరు పేజీలో ఎవరూ అడగని గడి ఒకటి పెట్టాడు. పేరు, వంట, ఎన్ని కిలోలు, ఆ కింద "మీ గిన్నె ఎప్పుడు పంపుతారు?" లువాయ్ అప్పటికే సైటు పేరు ఎర్రటి అక్షరాలతో అచ్చేసిన డబ్బాలు వెయ్యి కొని పెట్టాడు. ఆ గడి చూసి ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"మహానుభావా, గిన్నెతో పాటు చెంచా కూడా పంపమనండి. తినిపించడానికి మీరు వెళ్దురుగాని."

సవ్సన్ కూడా నవ్వింది. ఆ నవ్వులో సగం కోపమే.

"ఉస్తాజ్, నాలుగు రోజుల్లో రమదాన్. మా అమ్మ ఉద్యోగం మానుకుని కూర్చుంది. మీరు గిన్నెల గడులు గీస్తున్నారు!"

"ఉండనీ తల్లీ. ఎవరికైనా పనికొస్తుంది" అని ఆయన గొణిగాడు.

రమదాన్‌కి ముందురోజు పొద్దున్న సైటు సిద్ధమైంది గానీ, లువాయ్ అడిగిన ప్రచారం మాత్రం మూసే ఉంది. అమరికల ఫైలులో "స్నేహితులకి చెప్పు" అన్న లైనుకి ఎదురుగా "వద్దు" అని రాసి ఉంది; అది "సరే" అయితే ఆగిపోయిన టిక్కులు వాటంతటవే పడతాయి. జాదల్లా టీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు. ఫ్రిజ్ తలుపు తట్టిన చప్పుడు వినిపించింది. లువాయ్ మెల్లగా సవ్సన్ పక్కకి చేరాడు.

"అమ్మాయ్, అక్కడ 'వద్దు' తీసి 'సరే' అని రాస్తే ఎంతసేపు?"

"ఒక్క క్షణం. కానీ ఆయన..."

"వాళ్ళమ్మ ఉద్యోగం మానుకుందా, మీ అమ్మా?"

సవ్సన్ ఎవరి తలుపూ తట్టకుండా ఫైలు తెరిచి "సరే" అని రాసేసింది. పది గంటలకి సైటు తెరిచారు.

మధ్యాహ్నానికి ముప్ఫై ఒక్క ఆర్డర్లు. లువాయ్ ఆనందం పట్టలేక గదంతా కలయతిరిగాడు.

"ముప్ఫై ఒక్క మంది! మనిషికి రెండొందల మంది స్నేహితులనుకో, ఈపాటికి ఊరంతా మన పేరే! రేపు మా ఇంట్లో తొలి విందు. మా అమ్మ వస్తోంది. మా ఆవిడ నుహా దవాలీ చుట్టడంలో దిట్ట. ఒక్కో ఆకూ తన చేత్తో చుడుతుంది. కోడలి చేతి దవాలీ అంటే మా అమ్మ పడి చస్తుంది. ఏదీ, ఆ జాబితా తెరువు, ముందెవరు కొన్నారో చూద్దాం."

సవ్సన్ జాబితా తెరిచింది. మొదటి ఆర్డరు పది గంటల ఒక్క నిమిషానికి పడింది. నుహా. దవాలీ, నాలుగు కిలోలు. గిన్నె ఎప్పుడు పంపుతారు: రేపు ఉదయం.

సవ్సన్ అరచేత్తో తెర మూసింది. కాని లువాయ్ చదివేశాడు. ఆయన ముఖంలో రంగు కాళ్ళలోకి దిగిపోయింది.

సవ్సన్‌కి ఆయన ముఖం కంటే ముందు తమ ఇంటి మెట్లు కళ్ళ ముందు కనిపించాయి. ఆ మెట్ల మీద పొద్దున్నే వరసగా ఉండే గిన్నెలు, గుడ్డసంచుల్లో ముడేసినవి. చిన్నప్పటి నుంచి వాటిని దాటుకుంటూనే బడికి వెళ్ళింది, వాటినీ మెట్లలో భాగమే అనుకుంది. ఏ ఇల్లాలూ తన తల్లి డబ్బాలో వంట తీసుకెళ్ళలేదు. తమ గిన్నె పంపుతారు, అది నిండి ఇంటికి తిరిగొస్తుంది, బల్లమీదకి తమ చేతి వంటగా ఎక్కుతుంది. ఇరవై ఏళ్ళుగా జరుగుతున్న సంగతి అది. ఇప్పుడు తను ముప్ఫై ఒక్క మంది ఇల్లాళ్ళ గుట్టు ముప్ఫై ఒక్క మంది అత్తగార్లకి చాటించింది. రేపటి నుంచి తల్లి గుమ్మంలో గిన్నె అన్నది కనబడదు.

"మా అమ్మ నుహా స్నేహితుల జాబితాలో ఉంది" అన్నాడు లువాయ్. "ఏది పెట్టినా ముందు తనే చూస్తుంది. జాదల్లా! జాదల్లా!"

ఇద్దరూ పరిగెత్తారు. జాదల్లా కూర్చునే చోటికి తలుపు లేదు. రెండు అట్టపలకల మధ్య సందు మాత్రం ఉంది. లువాయ్ ఆ సందులోంచి ఎద్దులా దూరాడు.

జాదల్లా టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇంజనీరు గారూ, తట్టలేదు."

"నీ దుంప తెగ! ఊరంతా..."

"తట్టలేదు."

లువాయ్ పళ్ళు నూరుకుంటూ వెనక్కి వెళ్ళాడు. అట్టపలక మీద మూడుసార్లు కొట్టాడు, పలక పడిపోయినంత పనైంది. రెండుసార్లు దగ్గాడు. "యా సాతిర్!" అని అరిచాడు. అంత మనస్ఫూర్తిగా ఆ మాట ఆ భవనంలో ఎవరూ అని ఉండరు.

"రండి, రండి" అన్నాడు జాదల్లా.

"ఉస్తాజ్, నేనే మార్చాను. 'వద్దు' తీసి 'సరే' అని నేనే రాశాను" అంది సవ్సన్.

"తెలుసు తల్లీ. ఎవరో ఒకరు మారుస్తారని తెలుసు. అందుకే దాని వెనక ఇంకో తలుపు పెట్టాను."

తెర మీద చూపించాడు. ఆర్డరు ఇచ్చినవాళ్ళకి చివర్లో ఒక పేజీ వస్తుంది. "ఈ సంగతి మీవాళ్ళకి చెప్పమంటారా? మీరు అంటేనే చెబుతాం" అని ఉంది దాని మీద. ముప్ఫై ఒక్క మందిలో ముప్ఫై మంది వద్దన్నారు. చెప్పమన్నది ఒక్కడే, జర్కా ఊళ్ళో కొత్తగా వేరే ఇంట్లో ఉంటున్న బ్రహ్మచారి. అతను గొప్పగా తన ఫోటో కూడా జతచేశాడు.

లువాయ్ కుర్చీ లేకపోయినా కూర్చోబోయాడు, సవ్సన్ ఓ కుర్చీ లాగి ఆయన కిందకి జరిపింది. కాసేపటికి ఆయన నుదురు తుడుచుకుని, ఏమీ జరగనట్టు, "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, జావా గట్టిదని" అని వెళ్ళిపోయాడు.

"మీకెలా తెలిసింది ఉస్తాజ్?" అంది సవ్సన్.

జాదల్లా చెవులదాకా ఎర్రబడ్డాడు. "పని మొదలెట్టేముందు ఓసారి మీ ఇంటికి వెళ్ళాను. పైకి రాలేదులే, కింద నిలబడే తట్టాను. మీ అమ్మగారు మెట్ల మీదకి వచ్చారు. అక్కడ ఏడు గిన్నెలున్నాయి, ఏడు సంచుల్లో. ఎవరివి తల్లీ అని అడిగాను."

"అమ్మేమంది?"

"'గిన్నెలు' అన్నారు."

"అంతేనా?"

"అంతే. ఇంకేం చెప్పాలి? మీ అమ్మగారు చేసేది వంట ఒక్కటే కాదని తెలిసింది. సైటు కూడా ఆవిడ పెంపకంలోనే పెరగాలి కదా అనుకున్నాను."

సవ్సన్‌కి ఈ మనిషి మీద పదహారు రోజులుగా పోగైన కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. దాని బదులు సిగ్గేసింది, ఆ వెంటనే ప్రేమగానూ అనిపించింది. ఆయన మాత్రం అప్పటికే కీబోర్డు మీద మూడు దెబ్బలు కొట్టి, పడిన అక్షరాలు చెరుపుకుంటున్నాడు.

మర్నాడు రమదాన్ తొలిరోజు. సవ్సన్ సెలవు పెట్టి తల్లి పక్కన కూర్చుని ఆకులు చుడుతోంది. మెట్ల మీద ఒకదాని తర్వాత ఒకటి గిన్నెలు చేరుతున్నాయి. లువాయ్ పంపిన ఎర్రక్షరాల డబ్బాలు వెయ్యీ వంటింటి మూల పడి ఉన్నాయి. వాటిలో కొన్నిట్లో ఉమ్ రాగిబ్ ఉల్లిపాయలు పోసుకుంది.

కింద ఎవరో తట్టారు. మూడుసార్లు. తర్వాత రెండు దగ్గులు, కొత్తగా నేర్చుకున్నవాడి దగ్గులు.

"యా సాతిర్" అంది ఓ మగ గొంతు, వీలైనంత చిన్నగా.

సవ్సన్ చేతులు తుడుచుకుని దిగింది. ఇంజనీరు లువాయ్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గుడ్డసంచిలో పెద్ద గిన్నెని పసిబిడ్డలా ఎత్తుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సవ్సన్ సంచి అందుకుంది. ఆయన ముఖం చూడలేదు. ఆయనా చూపించలేదు.

"ఎవరిదే అది?" అని పైనుంచి తల్లి కేకేసింది.

సవ్సన్ గిన్నెని మిగతావాటి పక్కన వరసలో పెట్టింది.

"గిన్నె అమ్మా" అంది.