రేల చెట్టు ఎండిన ఏడాది

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేకపోయాను; ఆయన పోయారు. ఇక చెప్పాల్సింది కూతురికి. ఆ ధైర్యం లేదు. అందుకే నా ముఖమైనా తెలియని మీకు చెబుతున్నాను.

నేను ఆయనకు రెండో భార్యను. నాంపల్లి స్టేషన్ వెనక సందులో చిన్న పెంకుటిల్లు, ముందు ఒక రేల చెట్టు. దాన్ని నాటింది మొదటి భార్య. పుట్టింటి నుంచి కాయ తెచ్చి, గింజ నానబెట్టి మొలిపించిందట. ఆమె పోయిన కొన్నాళ్లకు నేను వచ్చాను. అప్పటికి వాళ్ల పాప రెండో తరగతి. నన్ను ‘చిన్నమ్మా’ అని పిలిచేది.

ఆయన ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేసేవారు. మంచి మనిషి. నన్ను ఎప్పుడూ ఆమెతో పోల్చలేదు. కానీ ఎండాకాలం చెట్టు నిండా పసుపు గుత్తులు వేలాడితే, ఇంట్లోకి రాకముందు కాసేపు దాని కింద నిలబడేవారు. ఒక సాయంత్రం పాపను ఎత్తుకుని పూలు చూపించి, "జూడు బిడ్డా, మీ అమ్మొచ్చింది" అన్నారు. నేను మంచినీళ్ల చెంబుతో గడపలో ఉన్నాను.

చనిపోయిన మనిషి మీద అసూయేమిటి? అప్పుడూ ఇదే ప్రశ్న వేసుకున్నాను. తప్పని తెలిసే చేశాను.

అఫ్జల్‌గంజ్ వెళ్లి బాత్రూమ్ కడిగే యాసిడ్ తెచ్చాను. ఆయన దుకాణానికి, పాప బడికి వెళ్లాక, వేళ్ల దగ్గర మట్టి తవ్వి పోసి మళ్లీ కప్పేసేదాన్ని. ఆకులు రాలాయి. కొమ్మలు ఎండాయి. మరుసటి ఎండాకాలం ఒక్క పువ్వు లేదు. ఆయన బెరడు గోకి చూసి, లోపలికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు.

పాప వంటింట్లోకి వచ్చింది.

"చిన్నమ్మా, రోజూ టిఫిన్ డబ్బా కడిగి సబ్బునీళ్లు చెట్టుకే పోసిన. గందుకే సచ్చిపోయిందా?"

కాదు అన్న ఒక్క మాట చాలు.

"ఔ, గట్లనే అయ్యుంటది" అన్నాను.

నా కొంగు పట్టుకుంది. "నాయినకు చెప్పకు."

"చెప్పను తియ్. ఏడ్వకు."

నన్ను కరుచుకుని "అమ్మా" అంది. మొదటిసారి. ఆ పిలుపు నేను తీసుకున్నాను. దొరికిపోతానన్న భయంతోనే అబద్ధమాడానా, ఇంకా లోతున ఆ పసిదాని మీద కూడా కోపముందా? ఎంత వెతుక్కున్నా ఈ రోజుకీ తేలలేదు.

ఇప్పుడామె లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో పనిచేస్తోంది. నన్ను తన దగ్గరే ఉంచుకుంది. నా మోకాళ్లకు తనే నూనె రాస్తుంది. మొన్న ఎవరో గులాబీ మొక్క ఇస్తే ముట్టుకోలేదు.

"నువ్వే పెట్టమ్మా. నా చెయ్యి మంచిది గాదు, నీకు తెల్సు గదా" అని నవ్వింది.

ఇన్నేళ్లూ ఆమె దాన్ని మరిచిపోలేదు. "బిడ్డా" అన్నాను.

"ఏందమ్మా?"

"జర మట్టి తెప్పియ్" అన్నాను.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. మీరూ నన్ను ఓదార్చకండి. ఆ చెట్టును చంపింది నేను. ఆ నేరాన్ని పసిపిల్ల మీద వేసింది నేను. రాశాక ఈ మాటలు పైకి చదువుకున్నాను. పక్క గదిలో ఆమె ఉంది. అయినా గొంతు తగ్గించలేదు.