కోసేసిన నవ్వు

నాలుగేళ్లుగా మోస్తున్నాను. ఫోన్ మార్చాను, గది మార్చాను, కంపెనీ కూడా మార్చాను. ఇది మాత్రం వదల్లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ని. అప్పట్లో షార్జా దగ్గర సజ్జాలో, సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో టైమ్‌కీపర్‌ని. క్యాంపులో మా గదికి ఆరుగురం. వాళ్లలో గంగారాం, రాజేశం జగిత్యాల వైపు ఒకే ఊరివాళ్లు, ఇద్దరూ నలభై దాటినవాళ్లు. పొద్దున లేస్తే కీచులాట. అన్నం దగ్గరికొస్తే ఒకే కంచం.

కరోనా కాస్త తగ్గిన ఏడాది, ఒక శుక్రవారం సెలవు రోజు, గంగారాం ఉతికిన బట్టలు ఆరేయడానికి డాబా మీదకు వెళ్లాడు. గంట తర్వాత, బిల్డింగ్ వెనక నేల మీద పడి ఉన్నాడని పక్క గదివాళ్లు అరిచారు. మేం వెళ్లేసరికే ప్రాణం లేదు. కళ్లు తిరిగి పడ్డాడా? దూకాడా? ఎవరైనా తోశారా? పిట్టగోడ నడుమెత్తు ఉంది. పైన ఇంకెవరున్నారో చూసినవాళ్లు లేరు. ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

ఒక్కటి మాత్రం నాకు తెలుసు. ఆ గంటంతా రాజేశం వంటగదిలో నా పక్కనే ఉన్నాడు. ఆ రోజు కోడికూర వంతు మా ఇద్దరిది. నేను ఫోన్ చూసుకుంటూ వెల్లుల్లి ఒలుస్తున్నానని తిడుతూనే ఉల్లిగడ్డలు కోశాడు. పోలీసులు అడిగితే ఇదే చెప్పాను. రాసుకున్నారు, అతన్ని వదిలేశారు. కాగితాల్లో గంగారాం ఎత్తు నుంచి పడి చనిపోయాడని మాత్రం వచ్చింది.

పోలీసులకు నిజం చెప్పినవాణ్ని, ఊరికి ఎందుకు చెప్పలేదు?

చెంపదెబ్బ వల్ల. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. లేదు. పోలీసులు రాకముందు నేను శవాన్ని వీడియో తీస్తున్నాను. క్యాంపుల్లో అది మామూలే, కళ్లతో చూడందే ఇంట్లోవాళ్లు నమ్మరు. రాజేశం ఏడుస్తూ వచ్చి, అందరి ముందూ కొట్టాడు. "మనిషివేనారా? వాడు సల్లవడకముందే సిన్మా దీస్తున్నవా?" నాకప్పుడు ఇరవై నాలుగు. మా నాన్న కూడా నా మీద చెయ్యెత్తి ఎరగడు.

రెండు రోజులకు గంగారాం తమ్ముడు ఫోన్ చేశాడు. గంగారాం ఇంటికి వీడియో కాల్ చేసేది నా ఫోన్‌లోంచే, అలా నా నంబరు వాళ్ల దగ్గరుంది.

"అన్నా, నిజం జెప్పు. మా అన్నకు గాడ ఎవలతోనన్న లొల్లి ఉండెనా?"

"నేనేం జెప్పాలె భయ్యా," అన్నాను. "ఒకటి పంపిస్తా. నువ్వే విను."

అంతకు ముందు వారం తీసిన వీడియో నా ఫోన్‌లో ఉంది. గంగారాం తడి లుంగీ రాజేశం మంచం మీద ఆరేశాడు. రాజేశం ఎగిరి లేచాడు. "ఇంకోపారి గిట్ల జేస్తివో, డాబా మీదికెల్లి నూకేస్త బిడ్డా!" దానికి గంగారాం, "నూకురా, నీ చేతి కూర తినే బాధన్న తప్పుతది," అన్నాడు. గదంతా పగలబడి నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది రాజేశం.

గంగారాం నోరు తెరవకముందే కోసేశాను. ఆ ముక్క పంపాను. భయమేసి, పూర్తి వీడియో ఆ సాయంత్రమే చెరిపేశాను.

ఇక్కడ ఎవరైనా పోతే, శవపెట్టె వెంట వాళ్ల ఊరివాడొకడు వెళ్తాడు. రాజేశమే వెళ్తాడని పంపేటప్పుడు నాకు తెలుసు. తెలిసే పంపానా? అంత దూరం ఆలోచించలేదని నాలుగేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆలోచించాను. వాడికీ నలుగురిలో తగలాలి అనుకున్నాను.

పెట్టె కంటే ముందు నా ముక్క చేరింది. రాజేశాన్ని వాకిట్లోనే ఆపేశారు. పాడె పట్టనివ్వలేదు. నాలుగో రోజుకే తిరిగొచ్చి, కొన్నాళ్లకు ఖోర్ ఫక్కాన్ పోర్టులో పనికి వెళ్లిపోయాడు. మళ్లీ ఇంటికి పోలేదు. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఎవరు పంపారో ఊళ్లో అతనికి చెప్పలేదు. అది మా గదిలోని ఇంకొకతని పనేనని రాజేశం అనుమానించి, అతనితో మాట మానేశాడు. నాకు మాత్రం పండక్కీ పబ్బానికీ ఫోన్ చేసేవాడు. "పోలీసులకాడ నువ్వొక్కనివే నా దిక్కు నిలవడ్డవ్ తమ్మీ." నేను ఊఁ కొట్టేవాణ్ని. కోపం చల్లారి ఎన్నాళ్లయిందో. నిజం మాత్రం చెప్పకుండానే ఫోన్ పెట్టేసేవాణ్ని.

పోయిన నెల ఖోర్ ఫక్కాన్ వెళ్లి, రాజేశం ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

"నాకెందుకు జెప్తున్నవ్?" అన్నాడు. "నేను సంపలేదని నాకు ఎర్కనే గదా. ఊరికి జెప్పు."

మర్నాడు గంగారాం తమ్ముడికి ఫోన్ చేశాను. దెబ్బ, వీడియో, కోసేసిన నవ్వు, ఉల్లిగడ్డలు, అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మరి మా అన్న ఎట్ల సచ్చిండే?"

"తెల్వదు భయ్యా."

"తెల్వదా?"

ఫోన్ పెట్టేశాడు.

ఇన్నేళ్లు వాళ్లకు తిట్టుకుని ఏడవడానికి ఒక పేరైనా ఉండేది. అదీ లాగేసుకున్నాను, బదులు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నమ్ముతారో లేదో తెలియదు. చూపించడానికి వీడియో లేదు. రాజేశం ఇంకా ఊరికి టికెట్ తీసుకోలేదు, నాకు ఫోన్ చేయడమూ మానేశాడు. క్షమించమని ఎవరినీ అడగలేదు. అడిగే ముఖం లేదు.

అయినా చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్తున్నాను, చెప్తుంటే ఊపిరి ఆడుతోంది. గంగారాం ఎలా పోయాడో నాకు తెలియదు. ఆ చావును రాజేశం మీద వేసింది మాత్రం నేను.