నురగ నిలిచిన సీసా

చిటికెన వేలంత గాజుసీసా ఒకటి ఇన్నేళ్ళుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. పాస్టరు గారికి చెప్పలేదు. మోకాళ్ళూనినప్పుడు ప్రభువుకు కూడా నేరుగా చెప్పలేదు. "నీకు తెలుసు కదా" అని దాటేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌గా మారిన కొత్త రోజులు. జమ్మలమడుగుకు కాస్త దూరంలో, పెన్న ఒడ్డు పల్లెలో, ఒక చిన్న దవాఖానాలో నేను నర్సును. చలికాలం వస్తే ఫ్లూ జ్వరం ముసలివాళ్ళ ఊపిరితిత్తులకు పాకేది. దానికి కొత్త టీకా తయారుచేస్తున్న ఒక దూరపు పరిశోధనాలయం మా డాక్టరమ్మకు ఒక పెట్టె సీసాలు పంపింది. కోడిగుడ్లలో ఆ వైరస్‌ను పెంచి, చంపి, దాని పైపొరలోని మాంసకృత్తులను మాత్రం వేరుచేసి చేసిన మందని డాక్టరమ్మ చెప్పింది. సగం సీసాల్లో మందు. సగం సీసాల్లో ఉత్త ఉప్పునీళ్ళు. పైన అంకె తప్ప ఏమీ ఉండదు. ఏది ఏదో మాకు తెలియకూడదు. చలికాలం దాటాక రెండు రకాలవాళ్ళనూ పోల్చి చూస్తేనే ఆ టీకా మనిషిని కాపాడుతుందో లేదో తేలుతుంది.

ముసలివాళ్ళకు ఇదంతా విప్పి చెప్పాం. ఒప్పుకున్నవాళ్ళు రేకు డబ్బాలో చేయి పెట్టి అంకె ఉన్న చీటీ తీసుకున్నారు. ముందు డాక్టరమ్మ ప్రార్థన చేసింది. అపొస్తలులు కూడా చీట్లు వేసే తమలో ఖాళీ అయిన చోటికి మనిషిని ఎంచుకున్నారని, ఇందులో మన చేయి ఉండదని చెప్పింది. నేను ఆమెన్ అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

మా జేజికి పదకొండు వచ్చింది. తల్లి లేని నన్ను పెంచిన నాయనమ్మ ఆమె. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా పల్లెపల్లెకూ నడిచి దేవుని వాక్యం చెప్పిన మనిషి. హుసేన్ తాతకు పన్నెండు. దవాఖానా గోడ పక్కనే కొలిమి పెట్టుకుని ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. వీళ్ళిద్దరికీ ఒకరినొకరు ఎగతాళి చేయనిదే పొద్దు గడిచేది కాదు.

మర్నాడు టీకాలనగా, మధ్యాహ్నం సీసాలు సర్దుతున్నాను. నాకు తెలుసు, గుడ్డు తెల్లసొన కలిసిన నీళ్ళను కుదిపితే నురగ నిలుస్తుంది. మాంసకృత్తులున్న మందు కూడా అంతే కదా? పదకొండో సీసా కుదిపాను. బుడగలు లేచి అప్పుడే పేలిపోయాయి. పన్నెండో సీసా కుదిపాను. అంచు చుట్టూ తెల్లటి నురగ అలాగే నిలిచింది.

ప్రభువు చీటీ వేశాడని నమ్మినదాన్నే నేను. ఆ చీటీని దిద్దడానికి నాకు ఎంతసేపు పట్టింది? ఒక శ్వాస కూడా పట్టలేదు.

మర్నాడు పన్నెండో సీసాలోని మందు జేజికి ఎక్కించాను. తర్వాత పదకొండో సీసాలోని నీళ్ళు సిరంజిలోకి తీసుకుని తాత దగ్గరికి వెళ్ళాను.

"సిస్టరమ్మా, ఇది బర్రెలకేసే సూది గాదు గదా?" అన్నాడు తాత.

"బర్రెలదైనా నీ తోలుకు దిగదులే సాయిబూ, చెయ్యి సాపు" అంది పక్క బెంచీ మీది జేజి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీకాల పుస్తకంలో మాత్రం జేజి పేరు ఎదురుగా పదకొండు, తాత పేరు ఎదురుగా పన్నెండు అని రాశాను.

ఆ చలికాలం జేజికి రెండు తుమ్ములు వచ్చి పోయాయి. తాత మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. బతికాడు. కానీ మళ్ళీ కొలిమి తిత్తి ఊదడానికి ఊపిరి లేక, ప్రొద్దుటూరులో కొడుకు ఇంటికి చేరాడు. ఏ అంకె సీసాలో ఏముందో పరిశోధనాలయం నుంచి జాబితా వచ్చిన రోజు డాక్టరమ్మ దిగులుగా, "పన్నెండులో మందే ఉంది. అయినా ముసలాయన పడిపోయాడు" అంది. నోరు తెరవవలసిన క్షణం అదే. నేను దూది చుడుతూ కూర్చున్నాను. ఒకరి మందు తీసుకోవడం ఒక పాపం. ఆ మందు మీద అబద్ధ సాక్ష్యం పలకడం ఇంకొకటి.

మరో ఏడాదికి, చెప్పేద్దామనే ప్రొద్దుటూరు బస్సెక్కాను. తాత వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు.

"రామ్మా, రా. ఏంది అట్ల నిలబడినావు?"

"నీకొక మాట చెప్పాలని వచ్చినా తాతా."

"చెబుదువులే, ముందు కూచో." లోపలికి తిరిగి కోడలిని కేకేశాడు. "యామ్మే, టీ పెట్టు. నేను చెప్తాంటానే, సూది ఏసిన పాప, ఈయమ్మే. ఆ సూది ల్యాకపోయింటే నా గోరీ మీద ఈ పొద్దుకు గడ్డి మొలిచిండేది."

"తాతా, ఆ సూది..."

"నొప్పేం పుట్టలేదులే. బర్రెల సూదని ఊరికే ఎగతాళికి అన్న్యా. మీ జేజి బాగుండాదా? ఇంగా ఆ పాటలే పాడతాందా? నాకంటే ముందు పోనని పందెం కట్టింది ఆయమ్మ. శానా మొండిది."

నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. నేను వీపు నిమిరాను. టీ తాగాను. వచ్చేశాను.

ఆ మందు నిజంగా పనిచేసేదో లేదో ఈనాటికీ నాకు తెలియదు. జేజికి మామూలుగానే జ్వరం సోకలేదేమో. మందు పడినా తాత పడిపోయేవాడేమో. అలా అనుకుని ఎన్నోసార్లు ఊరట పొందబోయాను. కుదరలేదు. ఆ సీసాలో ప్రాణం ఉందని నమ్మే కదా నేను తాత దగ్గర నుంచి తీసుకున్నది! నేను నమ్మిన లెక్కన నేనేం చేశానో నాకు తెలుసు.

ఇంకొకటి కూడా చెప్పాలి. జేజి ఆ తర్వాత ఏడేళ్ళు బతికింది. నా పెళ్ళి చూసింది, నా బిడ్డను ఒళ్ళో వేసుకుని కీర్తనలు పాడింది. ఆ ఏళ్ళు వెనక్కి ఇచ్చేయమంటే ఇస్తానా? ఇవ్వలేను. అలాంటప్పుడు ప్రతినెలా చర్చిలో రొట్టె తీసుకునే ప్రభువు బల్ల దగ్గర నేను కార్చే కన్నీళ్ళు పశ్చాత్తాపమేనా? ఆయనే చెప్పాలి. ఇంతవరకు చెప్పలేదు. తాత, జేజి, డాక్టరమ్మ, ఎవరూ ఇప్పుడు లేరు. క్షమించమని అడగడానికి మనిషి లేడు.

కాబట్టి అడగను. రాస్తాను, అంతే. పన్నెండో చీటీ హుసేన్ తాతది. ఆయన మందు మా జేజికి ఇచ్చాను. ఆయనకు ఉప్పునీళ్ళు ఎక్కించాను. పుస్తకంలో అబద్ధం రాశాను. ఈ నాలుగు వాక్యాలు ఒక్కచోట, నా చేతిరాతలో, ఇంతకుముందు ఎక్కడా లేవు. ఇప్పుడు ఉన్నాయి.