ఒళ్ళో బొమ్మ

మా పాపకు నాలుగో నెలలో తొలి క్రిస్మస్ వచ్చింది. రాత్రంతా పాపతో మేలుకుని, పొద్దున్నే కొత్తవాడ చర్చిలో చాప మీద కూలబడ్డాను. పాప ఒళ్ళో నిద్రపోయింది. ప్రసంగం మధ్యలో నాకూ కన్నంటుకుంది.

పసిబిడ్డ ఏడుపుకు ఉలిక్కిపడి లేచాను. ముందు పిల్లలు వేస్తున్న నాటకంలో, పశువుల తొట్టిలోంచి వస్తోంది ఆ ఏడుపు. నా ఒళ్ళో తువ్వాలు తీసి చూస్తే, బాలయేసు కోసం తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మ. "నా పాపేది?" అని అరిచేశాను. చర్చంతా నావైపు తిరిగింది.

పక్కనున్న అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. "నేనే మార్చిన, బిడ్డా. ఒళ్ళు ఖాళీగుంటే లేస్తవని బొమ్మను పెట్టిన. జర పండుకుంటవనుకున్న."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ పండక్కి పాపకు చాలా కానుకలొచ్చాయి. నాకొచ్చింది ఆ అరగంట నిద్ర ఒక్కటే. మళ్ళీ అలాంటిది ఎవరూ ఇవ్వలేదు.