ఏడో నంబరు టార్గెట్

ఐదో తూటా పేల్చి రైఫిల్ కింద పెట్టేసరికి మెర్సీ చెవులు గుయ్యిమన్నాయి. ఎప్పటిలాగే ఈసారి కూడా ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకుంది. కానిస్టేబుల్‌గా చేరి ఐదేళ్లయినా ఆమె పనంతా స్టేషన్‌లో కంప్యూటర్ ముందే. తుపాకీ పట్టేది ఏడాదికొకసారి, గుట్టల నడుమ ఉన్న ఈ ఫైరింగ్ రేంజిలోనే. కిందటేడు ఒక్క తూటా టార్గెట్ అట్ట అంచుకు తగిలింది. మిగతావి వెనకున్న మట్టికట్టలోకి పోయాయి.

"ఏడో నంబరు జూడుండ్రి!" అని ఎవరో కేకేశారు.

ఏడో నంబరు ఆమెదే. నల్లటి వృత్తంలో ఐదు చిల్లులున్నాయి. అరచెయ్యి పెడితే కప్పేయొచ్చు, అంత దగ్గర దగ్గరగా పడ్డాయి. వెనక నిలబడ్డవాళ్లు ఈలలు వేశారు. ఒకే స్టేషన్‌లో పనిచేసే రూప పరుగున వచ్చి భుజాలు పట్టి ఊపేసింది.

"ఏందే మెర్సీ! గింత గురి యాడ దాచిపెట్టినవే?"

మెర్సీ నవ్వబోయి ఆగింది. పక్కన ఆరో నంబరుకు కాల్చిన విజేందర్ అట్ట మీద ఒక్క చిల్లు కూడా లేదు. నాలుగేళ్లు గన్‌మన్‌గా తిరిగినవాడు, గురి తప్పడని పేరున్నవాడు. "రైఫిల్ సైటు ఖరాబైంది సార్" అని గొణిగి, ఆమె వైపు చూడకుండానే పోయాడు. అతను అట్లా చూపు తప్పించడం ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది.

ఇన్‌స్పెక్టర్ కృష్ణకాంత్ చప్పట్లు కొట్టలేదు. అట్టను తెప్పించుకుని ఒక్కో చిల్లు మీద వేలు పెట్టి చూశాడు.

"యాడ నేర్చుకున్నవమ్మా?"

"యాడ నేర్వలే సార్. ట్రైనింగ్‌ల చెప్పిందే."

"మీ చిన్నాయిన పేరేంది?"

ఆయనకు పేరు తెలుసు. తెలిసే అడుగుతున్నాడు.

"దశరథ్, సార్."

దశరథ్ ఆమె తండ్రికి తమ్ముడు. మెర్సీకి ఆరేళ్లప్పుడు నక్సలైట్ అన్నల్లో కలిసి అడవికి పోయాడు. ఏడేళ్ల తర్వాత అమ్రాబాద్ అడవుల నుంచి శవమై వచ్చాడు. ఉద్యోగానికి ఎంపికైనప్పుడు ఆ పేరు మీదే ఆమె పూర్వాపరాల విచారణ నాలుగు నెలలు ఆగింది. కూలి పని మానుకుని తల్లి జానమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఖాకీ బట్టలు వేసుకున్నాక ఆ పేరు ఇక ఎవరూ ఎత్తరనుకుంది మెర్సీ.

"ఇంటికి వచ్చిపోయేటోడా?"

"నాకు ఎరుకున్నంతల రాలే సార్."

కృష్ణకాంత్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

సాయంత్రం తిరుమలగిరిలో తాముండే కిరాయి ఇంటికి చేరి, జరిగిందంతా తల్లికి చెప్పింది. జానమ్మ పొయ్యి తగ్గించి, తలుపు దగ్గరికి వేసి వచ్చి మెల్లగా అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. నాకు తెల్వకుంట మీ చిన్నాయిన నీకేమన్న జూపిచ్చిండా?"

"అమ్మా! నువ్వు సుత గట్లనే అంటవా?"

ఆ పూట మెర్సీ అన్నం ముట్టలేదు.

మరునాడు ప్రాక్టీసు మొదలుకాకముందే ఆమె కృష్ణకాంత్ ముందు నిలబడింది. "మళ్ల కాలుస్త సార్. అందరి ముంగటనే."

ఈసారి కళ్లు తెరిచే కాల్చింది. నాలుగు మట్టిలోకి పోయాయి, ఒకటి అట్ట కింది మూలకు తగిలింది. హమ్మయ్య అనుకుని లేచింది.

"కావాలని తప్పిచ్చినవు గదా?" అన్నాడు కృష్ణకాంత్.

మెర్సీకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నిన్నటి విజేందర్ ఖాళీ అట్ట, అతను తప్పించిన చూపు గుర్తొచ్చాయి. నేరుగా రేకుల షెడ్డు కిందికి నడిచింది. విజేందర్ రైఫిల్ తుడుచుకుంటున్నాడు.

"తమ్మీ, నిన్న నువ్వు ఏ నంబరుకు కాల్చినవ్?"

"ఆరుకే గదక్కా."

"నా మొకం జూసి చెప్పు."

అతను చేతిలోని గుడ్డను మడిచాడు, విప్పాడు. "నంబరు తప్పు జూసినక్కా. అయిదు తూటలు నీ అట్టకే కొట్టిన. లేచినంకనే తెలిసింది. గన్‌మన్ డ్యూటీకి మళ్ల నా పేరు పంపుతున్నరు. ఇజ్జత్ పోతదని నోరు మూసుకున్న."

"సారు మా చిన్నాయిన పేరు అడుగుతుంటే నీకు ఇనబడలేదా?"

"ఇనబడ్డది."

మెర్సీ అతని చేతిలోంచి గుడ్డ లాగి పక్కన పడేసింది. "లే. నడువు" అంది.

ఇన్‌స్పెక్టర్ ముందు విజేందర్ తలొంచుకుని అంతా ఒప్పుకున్నాడు. కృష్ణకాంత్ ఆ మాటనూ నమ్మలేదు. అదే రైఫిల్‌తో అప్పటికప్పుడు ఆరో నంబరుకు కాల్పించాడు. ఐదు చిల్లులూ అరచెయ్యి కప్పేంత దగ్గరగా పడ్డాయి. నిన్నటి అట్ట పక్కన పెట్టి చూసి, "సరే, పోండి" అన్నాడు.

విజేందర్ వెళ్లిపోయాడు. మెర్సీ కదల్లేదు.

"పుస్తకంల రాసింది కొట్టేయుండ్రి సార్."

"ఏం రాయలేదమ్మా."

"రాసిండ్రు సార్. నేను జూసిన."

కృష్ణకాంత్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె చూపు దించలేదు. చివరికి పుస్తకం తెరిచాడు. ఆమె పేరు, పక్కన దశరథ్ పేరు, చివర ఒక ప్రశ్న గుర్తు. వాటి మీద అడ్డంగా గీత గీశాడు. మెర్సీ సెల్యూట్ చేసి వచ్చేసింది.

ఇంటికొచ్చి చెబితే జానమ్మ ఆసాంతం విని, కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి ఆమెకు మరో అనుమానం వచ్చింది.

"మరి ఇయ్యాల గా మూలకు తగిలిందన్నవు, గా ఒక్కటన్న నీదేనా?"

"నాదేనమ్మా, నాదే!" అని మెర్సీ పగలబడి నవ్వి, కంచం తెచ్చుకుంది.