కరగని మట్టిగడ్డ

మైలవరం నుంచి విజయవాడ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో రెండు మట్టి సంచులున్నాయి. రెండూ ఆమె కౌలు చేనులోవే. గట్టు మీది గ్లిరిసీడియా కొమ్మలు కొట్టి, ఆ ఆకు మూడేళ్లుగా సగం చేనికే ఎరువుగా వేస్తోందట. ఆ సగంలో మొక్కజొన్న కంకులు నిండుగా వస్తున్నాయట. నీడ పడుతోందని పొలం ఆసామి ఆ చెట్లు కొట్టించేస్తానన్నాడు. ఆయనకు రెండు సగాల మట్టీ చూపించడానికే బెంజ్ సర్కిల్‌లో ఆయన ఇంటికి వెళుతోంది.

"మిగతా సగానికి ఎందుకు వేయలేదమ్మా?" అన్నాను.

"అంతటికీ వేస్తే తేడా ఎట్టా తెలిసిద్దండీ? సగం చేను ఎండగట్టావని మా ఆయన తిడతానే ఉన్నాడు."

వెంట తెచ్చిన రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి చెరో చేత్తో పట్టుకుంది.

"సంచికో గడ్డ మీరే ఏరి వేయండి. నేనైతే నాక్కావాల్సిందే ఏరుకుంటా."

దేవుడికి రుజువేదని ముప్పై ఏళ్లుగా వేదికలెక్కి జనాన్ని నిలదీశాను. నా రుజువును ఎదుటివాడి చేత ఒక్కసారైనా ఏరించలేదు.

ఏరి వేశాను. ఇబ్రహీంపట్నం దాటేలోపే ఒక గడ్డ బురదైపోయింది. ఆకు తిన్న నేల గడ్డ మాత్రం బస్సు ఎంత కుదిపినా కరగలేదు.

"ఆకు తిన్న మట్టి వానకి కొట్టుకుపోదండీ. ఆసామి గారి చేత కూడా ఏరిస్తాను" అంది.

"ఆకు నేలలోంచి ఆయన ఏరింది కూడా కరిగిపోతే?"

"చెట్లు కొట్టుకోమంటాను."

ఏ స్వామి వచ్చినా లేవని మనిషిని నేను. బెంజ్ సర్కిల్‌లో ఆవిడ దిగుతుంటే, దారి ఇవ్వాల్సిన పని లేకపోయినా లేచి నిలబడ్డాను.