అయిపోయిందని నొక్కని పిన్ని

ఉద్యోగం కొత్తలో లోకమంతా నా లాప్‌టాప్ కోసమే ఎదురుచూస్తోందని గట్టిగా నమ్మేవాణ్ణి. మరీ తాతల కాలం కాదు లెండి, మొన్నమొన్నటి సంగతే. టెక్కలిలో డిగ్రీ ముగించి, పలాసలో మా మావ జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాను. (ఆఫీసంటే ఒక బల్ల, ఒక ఫ్యాను, ఆ ఫ్యాను కింద మావ.) అక్కడ పనులన్నీ కేకల మీద నడిచేవి. నేను వాటిని కంప్యూటర్ బోర్డు మీదికి ఎక్కించాను. ప్రతి పనికీ ఒక కార్డు. "చెయ్యాలి", "జరుగుతోంది", "అయిపోయింది" అని మూడు గళ్లు. పని చేసినవాళ్లు ఫోన్లో కార్డుని మూడో గడిలోకి పంపితే, అందులోని ఏఐ సహాయకుడు తరవాతి గదివాళ్లకి కబురు పెడతాడు. మావ అంతా విని, విశాఖ మిఠాయిల కంపెనీవాళ్ల తొలి ఆర్డరుకి శుక్రవారం పొద్దున్నే లారీ కదలకపోతే ఆ బేరమూ పోతుందని, నా బోర్డూ పోతుందని, దాని వెనకే నేనూ పోవచ్చని చల్లగా చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం చూస్తే ఒక్క కార్డూ కదల్లేదు. పైగా సహాయకుడు, పప్పు ఇంకా ఎండలేదు కాబట్టి లారీని వాయిదా వేయడం మంచిదని, నాకే కాక మావకి కూడా రాసి పడేశాడు. (అంత మర్యాదగా నా కొంప ముంచినవాణ్ణి మళ్లీ చూడలేదు.) పరుగెత్తుకెళ్లి చూద్దును కదా, పప్పు ఎప్పుడో ఎండి ట్రేలలో చల్లారిపోయింది! పొట్టు తీసే ఆడవాళ్లు తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఫోను మోగేదాకా పప్పు ముట్టుకోవద్దని వాళ్లకి గట్టిగా చెప్పింది నేనే మరి. డ్రయ్యరు గది పెద్ద నాకు పిన్ని వరస. ఎందుకు నొక్కలేదని ఆవిడ మీద అరిచినంత పని చేశాను.

"సరుకు ఎదర ఎట్టుకొని అయిపోయిందని నొక్కమంతావేట్రా? ఇంట్లో బియ్యం లేకపోయినా నిండుకున్నాయంతాం గానీ ఆ మాట అనం. నాను నొక్కను," అంది పిన్ని. (ఆదివారం చర్చికెళ్లే అక్కలూ, గురువారం ఉపవాసముండే వదినలూ ఈ విషయంలో మాత్రం ఒక్కటే.)

వాదించే తీరిక లేదు. అక్కడే గోనెసంచి మీద కూలబడి, మూడో గడి పేరు కొట్టేసి "ముందుకెళ్ళింది" అని పెట్టాను. పిన్ని కూడబలుక్కుని చదివి, ఇది బాగుందని నొక్కింది. అంతే, పొట్టు గదిలో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి! కార్డులు ఒకదాని వెనక ఒకటి పరుగందుకున్నాయి. సహాయకుడు వాయిదా మాట వెనక్కి తీసుకుని, గ్రేడింగులో మనుషులు చాలరు, ప్యాకింగు వాళ్లని కాసేపు అటు పంపండని సలహా కూడా ఇచ్చాడు. చీకటిపడే వేళకి డబ్బాలన్నీ సీలు పడ్డాయి.

శుక్రవారం పొద్దున్నే లారీ కదిలింది. మావ ఫ్యాను కింద నుంచి లేచి గుమ్మం దాకా వచ్చి, "నీ బోర్డు ఉండనీరా. నువ్వూ ఉండు," అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ విని ఉండరు. ఆనందం పట్టలేక, ఏ పనీ లేకపోయినా లారీ ఎక్కేశాను. నందిగాం, టెక్కలి దాటుతూ టీ బడ్ల దగ్గరున్న వాళ్లందరికీ చెయ్యి ఊపాను. వాళ్ల మానాన వాళ్లు టీ తాగారు. కోటబొమ్మాళిలో డ్రైవరు బండి ఆపి, "మరి నువ్వెక్కడ దిగుతావు బావా?" అనడిగాడు. అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు. షేర్ ఆటోలో కడ్డీ పట్టుకుని వేలాడుతూ వెనక్కొచ్చాను.

ఇప్పుడు అంతకన్నా పెద్ద బోర్డులే నడుపుతున్నాను. రోజూ ఎన్నో పనులు పూర్తవుతాయి. ఒక్కసారీ లారీ ఎక్కాలనిపించలేదు. అనిపిస్తే బాగుండును.